గురి తప్పేది చెయ్యి కాదు.. గొట్టం! అడవి పందుల మీదకు నాటు తుపాకీ ఎందుకు డేంజర్?

వేదాద్రి.. జగ్గయ్యపేట మండలంలో కృష్ణమ్మ ఒడ్డున యోగానంద లక్ష్మీనరసింహస్వామి కొలువైన ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అంతకుముందు కృష్ణా జిల్లా. గుడికి వచ్చే భక్తుల చూపు నది మీద ఉంటుంది. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో సాగు చేసే రైతు చూపు మాత్రం చేను మీదే. గుట్టల అంచున మొక్కజొన్నో, వేరుశనగో వేసిన రైతుకు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఒకటే భయం.. అడవి పందులు.

పంది తినేది కొంతే. తొక్కి, మూతితో తవ్వి పాడుచేసేది ఎక్కువ. గుంపు దిగిందంటే పొద్దున్నకి చేను చేనులా ఉండదు. అప్పుడే ఊళ్లో ఎవరో ఒకరు అంటారు.. ‘ఒక నాటు తుపాకీ ఉండి, గురి కుదిరితే చాలు’ అని. ఇంతకీ ఆ గురి కుదురుతుందా?

గురి ఎందుకు కుదరదు?

నాటు తుపాకీ అంటే మూతి వైపు నుంచి మందు, దాని మీద సీసం గుండ్లు కూరి కాల్చేది. ఇంగ్లిష్‌లో మజిల్ లోడర్ అంటారు. నాటు రకంలో గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో అయితే మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. వాటి వల్ల తూటా గిర్రున తిరుగుతూ నిటారుగా వెళ్తుంది. నున్నటి గొట్టంలో ఆ తిరుగుడు లేదు. గుండుకీ గొట్టానికీ మధ్య సందు ఉంటే గుండు లోపలే అటూ ఇటూ తగులుతూ బయటకొస్తుంది. చివరగా ఎటు తగిలితే దాన్ని బట్టి దారి మారిపోతుంది.

రెండోది మందు. అంచనాగా పోస్తే ప్రతిసారీ కొలత మారుతుంది. కొలత మారితే గుండు వేగం మారుతుంది. నిన్న తగిలిన చోట ఇవాళ తగలదు. పైగా ట్రిగ్గర్ నొక్కాక మందు అంటుకోవడానికి కాస్త ఆలస్యమైతే, ఆలోపు పంది కదులుతుంది, చెయ్యీ కదులుతుంది. దొరికిన పైపుతో చేసిన గొట్టమైతే కాల్చినవాడి చేతిలోనే పేలిపోయే ప్రమాదం కూడా ఉంది.

మరి అమెరికాలో ఎలా కొడుతున్నారు?

అక్కడ చాలా రాష్ట్రాల్లో మజిల్ లోడర్ వేటకు ప్రత్యేకంగా సీజనే ఉంది. కానీ వాళ్లు వాడే ఆధునిక తుపాకులు వేరు. ఫ్యాక్టరీలో గాళ్లు తీసిన గొట్టం, ప్రతిసారీ ఒకే కొలతలో మందు. సీజన్‌కు ముందే రేంజ్‌కు వెళ్లి, కాగితం టార్గెట్ మీద కాల్చి గురి సరిచూసుకుంటారు. ఎంత దూరం వరకు తన తుపాకీని నమ్మొచ్చో వేటగాడికి ముందే తెలుస్తుంది.

అసలు తేడా ఇక్కడే. లైసెన్స్ లేని తుపాకీని పట్టపగలు బయటకు తీయలేరు. గురి సరిచూసుకునే చోటు ఉండదు. దాని మొదటి టెస్ట్ చీకట్లో, చేనులోనే జరుగుతుంది. ఎదురుగా కదిలే పొద. పక్క చేలో కాపలా ఉన్న ఇంకో రైతు. నాటు తుపాకీతో అడవి పంది అనుకుని తోటి మనిషినే కాల్చారన్న వార్తలు తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. తప్పిన గుండు గాల్లో కలిసిపోదు. ఎక్కడో ఒకచోట తగులుతుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే బీఎన్ఎస్ సెక్షన్ 106(1) కింద 5 ఏళ్ల వరకు జైలు.

చట్టంలో ఆశ్చర్యం

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పంట కాపాడుకోవడానికి మజిల్ లోడర్‌కు లైసెన్స్ ఇవ్వొచ్చని 1959 ఆయుధాల చట్టంలోని సెక్షన్ 13లోనే రాసి ఉంది. అంటే రైతు అవసరాన్ని చట్టం అప్పుడే గుర్తించింది. లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుంటే మాత్రం సెక్షన్ 25 కింద శిక్ష తప్పదు. 2019 సవరణ తర్వాత అది 2 నుంచి 5 ఏళ్ల జైలు.

అయితే తుపాకీ లైసెన్స్ ఉంటే పందిని కాల్చేయొచ్చా? లేదు! అది వేరే చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అడవి పంది షెడ్యూల్ 2లో ఉంది. మనిషి ప్రాణానికో, పంటకో ముప్పు అయినప్పుడు చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ సెక్షన్ 11 కింద రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అలా చంపినా కళేబరం ప్రభుత్వ ఆస్తే. అనుమతి లేకుండా చంపితే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

అంటే రైతుకు కావాల్సినవి రెండు కాగితాలు. పంది వచ్చేది ఈ రాత్రికి. కాగితం వచ్చేది ఎప్పటికి? పైగా జగ్గయ్యపేట దాటితే తెలంగాణ. పందికి సరిహద్దు లేదు.. అనుమతికి ఉంది. ఈ గ్యాప్‌లోనే నాటు తుపాకీ పుడుతోంది.

దారి ఉందా?

కేరళ ఒక దారి చూపించింది. పంట పాడుచేసే అడవి పందులపై నిర్ణయం తీసుకునే అధికారాన్ని 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. కాల్చాల్సింది లైసెన్స్ ఉన్నవాళ్లే. విషం, పేలుడు పదార్థాలు, కరెంట్ షాక్ వాడకూడదని షరతు పెట్టింది. నిర్ణయం ఊరికి దగ్గరగా వచ్చింది, తుపాకీ మాత్రం తెలిసినవాడి చేతిలోనే ఉంది.

రైతు అడగాల్సింది కూడా ఇదే. నాటు తుపాకీకి గురి ఎలా పెంచాలని కాదు.. అనుమతి తొందరగా ఎలా వస్తుంది, లైసెన్స్ ఉన్న షూటర్ ఊరికి ఎప్పుడొస్తాడు, పోయిన పంటకు పరిహారం ఎవరిస్తారు అని. అప్పటిదాకా నష్టాన్ని ఫొటోలతో సహా ఫారెస్ట్, వ్యవసాయ అధికారులకు రాసివ్వండి. రసీదు తీసుకోండి. కంచె వేస్తే సోలార్ కంచె వేయండి. పోల్ నుంచి నేరుగా కరెంట్ లాగితే.. ఆ తీగకు పందెవరో, పక్కింటి పిల్లాడెవరో తెలియదు.