మన ఇంటి గొంతు తరగతి గదికి పరాయిదా?

పాఠ్యపుస్తకాల్లో ముస్లిం అంటే ఎవరు? పండుగనాడు సేమియా పంచేవాడు, లేదా కిరీటం పెట్టుకున్న చక్రవర్తి. ఇప్పుడు ఆ చక్రవర్తికీ చోటు కరవవుతున్నది. పన్నెండవ తరగతి చరిత్రలోని మొఘల్ దర్బారుల అధ్యాయాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 2023 నాటి ముద్రణలో తొలగించింది. దానికోసం పోరాడవలసిందే. మరి ఏనాడూ రాయని అధ్యాయాల మాటేమిటి? దూదేకుల తాత, బీడీలు చుట్టే తల్లి ఏ పుటలో ఉన్నారు?

ఆ అధ్యాయాలు చెప్పగలవారు మన ఇళ్లలోనే ఉన్నారు. పిల్లలు వారిని ప్రశ్నించి, జవాబులను రికార్డు చేసి, పది నిమిషాల పాడ్‌కాస్టుగా కూర్చి తరగతిలో వినిపించాలి. దానిపై చర్చ జరగాలి. ఇదే మా ప్రతిపాదన.

ఇది కాలక్షేపమనేవారున్నారు. దూదేకే వింటి నారి ఎందుకు మోగుతుందో తాతనడిగిన పిల్లవాడికి ధ్వని పాఠంలోని కంపనం బట్టీ పట్టవలసిన మాట కాదు. వెయ్యి బీడీలకింతని కూలి అందుకునే నిజామాబాదు తల్లి చెప్పే లెక్క కన్నా మంచి గణితమేది? 1857 జులై 17న హైదరాబాదు రెసిడెన్సీపై దాడి నడిపిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల కథను కోఠీ పిల్లలే చెబితే చరిత్రకు వచ్చే లోటేమిటి?

ఇది మతబోధ అనేవారూ ఉన్నారు. పక్క బెంచీలోని లంబాడీ బాలిక తన అవ్వ గొంతును తెస్తుంది, మన బిడ్డ దక్కనీలో మాట్లాడే నానీ గొంతును తెచ్చి తెలుగులో వివరిస్తుంది. ఒకరినొకరు వినడం మతబోధ ఎలా అవుతుంది? బడి చదువును బడి వెలుపలి జీవితంతో ముడివేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. మేము కోరుతున్నది ఆ మాటను నిలబెట్టుకోమనే.

అయితే షరతులున్నాయి. ఫోను అన్న చేతిలో ఉండి, చెల్లెలు వినడానికే పరిమితమైతే ఈ పని సగమే. రికార్డు చేసే పరికరాన్ని బడే సమకూర్చాలి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఇచ్చే మార్కులు దీనికీ ఇవ్వాలి. మాట్లాడిన పెద్దల అనుమతి తీసుకోవాలి. ద్వేషం రాజ్యమేలుతున్న ఈ రోజుల్లో పిల్లల పేర్లను, గొంతులను ఇంటర్నెట్‌లో పెట్టరాదు. వాటి చోటు తరగతి గది, బడి గ్రంథాలయం.

తల్లిదండ్రులారా, ఉద్యమ మిత్రులారా! ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, జీవో కోసం ఎదురుచూడనక్కరలేదు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ప్రధానోపాధ్యాయుని ముందు ఈ కోరికను రాతపూర్వకంగా ఉంచండి. మన పెద్దల జ్ఞాపకాలు వారితోపాటే ఖబరస్తాన్‌కు చేరకముందే మన పిల్లలను అడగనిద్దాం.