కారు షెడ్డు - గాలి లెక్క

బోల్టులతో బిగించుకొనే ఇనుప కారు షెడ్డు సామగ్రి కొనదలచినవారు మమ్మల్ని సాధారణంగా రేకు మందం గురించి అడుగుతారు. షెడ్డును నేలకు పట్టి ఉంచేది ఏమిటని అడిగేవారు అరుదు.

ఐ.ఎస్. 875 మూడవ భాగం విశాఖపట్నానికి నిర్దేశించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు. కప్పు వాలును బట్టి ఇది మారుతుంది గాని, స్థూలంగా 3 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గల కప్పును పైకి లేపే బలం 2 టన్నుల పైమాటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో ఎగిరిన రేకులను చూసినవారికి ఈ అంకె అతిశయోక్తిగా తోచదు. ఎగిరిన రేకు పొరుగువారి వాకిట్లోనే పడుతుంది.

నాలుగు స్తంభాలలో ఒక్కొక్కదాని వంతు దాదాపు 575 కిలోలు. 60 సెంటీమీటర్ల చదరంలో 70 సెంటీమీటర్ల లోతు గుంత నిండా కాంక్రీటు పోస్తే ఆ మాత్రం తూగుతుంది. పలుచని గచ్చుపై నాలుగు యాంకరు బోల్టులు కొట్టి సరిపెట్టే పనిని మేము ఒప్పుకోము.

బోల్టులను మొదట వదులుగానే ఉంచి, రెండు కర్ణాలూ టేపుతో కొలిచి, సమానమైన పిమ్మటే స్పానరుతో బిగించాలి. రేకు స్క్రూల కింది రబ్బరు వాషరు నలిగిపోరాదు.

అన్నట్టు, క్వార్టర్లలో ఉన్నవారు గుంత తవ్వకముందే ఎస్టేటు విభాగం అనుమతి పొందాలి. నేల కింద కేబులు ఎటు పోతున్నదో తెలిపే నక్షా వారి వద్దనే ఉంటుంది.