సంతకం పడ్డాకే తాళం చెవి



రైల్వేలో పట్టాల పనికి ముందు బ్లాకు తీసుకోవాలి. ఇంజనీరింగ్, సిగ్నల్, కరెంటు, ట్రాఫిక్ వాళ్లు కాగితం మీద ఒప్పుకోనిదే గునపం దిగదు. మరి మన కామాఠీపురా రీడెవలప్‌మెంట్‌లో? మ్హాడా ఒకచోట, ఇంటి ఓనర్లు ఒకచోట, పగిడీ కిరాయిదార్లు ఇంకోచోట. ఒక్కో చాలుది ఒక్కో మాట!

ఈ బొంబాయి కట్టడానికి రాళ్లు మోసిన కామాఠీల పేరే ఈ పేటకు వచ్చింది. మన ఇళ్లు కట్టేటప్పుడు మాత్రం మనం చూస్తూ నిలబడాలా? బిల్డర్‌ని తిట్టడం సులువు. మీటింగ్‌కి రమ్మంటే పదిమంది రారు. తప్పు మనది కూడా.

గల్లీకి ఇద్దరిని ఎన్నుకుందాం, అందులో ఒకరు ఆడమనిషి. నెలనెలా మ్హాడా ఇంజనీరు ఎదుట కూర్చోవాలి. అనుకున్నది మరాఠీలోనూ తెలుగులోనూ రాయించాలి. కూలేలా ఉన్న చాలు సంగతి వేరు, అక్కడ ప్రాణం ముందు. మిగతావాళ్లం ఖోలీ కొలత, ట్రాన్సిట్ అద్దె, గడువు, ఈ మూడింటికీ సంతకం పడ్డాకే తాళం చెవి ఇద్దాం.