నాలుగో జాము

సంస్కృత అలంకారశాస్త్రంలో కవిశిక్ష అని ఒక శాఖే ఉంది. పదో శతాబ్ది తొలినాళ్ళ రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో కవి దినచర్యను జాములవారీగా నిర్ణయించాడు. మొదటి జాము విద్యాభ్యాసానికి, రెండోది రచనకు. భోజనం తర్వాత కావ్యగోష్ఠి. నాలుగో జాములో పొద్దున రాసినదాన్ని పరీక్షించుకోవాలి. రసావేశంలో రాసేవాడికి తప్పొప్పులు కనబడవు కనుక ఈ ఏర్పాటు. ఎక్కువైనది తీసెయ్యాలి, తక్కువైనది పూరించాలి, చోటు తప్పినది సర్దాలి, మరిచినది గుర్తుచేసుకుని చేర్చాలి. వెయ్యేళ్ళు దాటినా ఇంతకు మించిన పాఠ్యప్రణాళిక కనబడదు.

పదకొండో శతాబ్దిలో కాశ్మీర క్షేమేంద్రుడు ‘కవికంఠాభరణం’లో శిష్యులను మూడు రకాలుగా విడదీశాడు: కొద్ది శ్రమతో నేర్చేవారు, కష్టపడి నేర్చేవారు, ఎన్నటికీ నేర్వలేనివారు. తర్కవ్యాకరణాలతో బుర్ర ఎండిపోయినవారిని మూడో కోవలో వేశాడు. నేటి తెలుగు శాఖలు నొచ్చుకోనక్కరలేదు.

అయినా ‘రాయడం ఒకరు నేర్పితే వచ్చేది కాదు’ అన్న మాట ప్రతి సన్మానసభలోనూ వినిపిస్తుంది, చప్పట్లూ పడతాయి. ప్రతిభ పుట్టుకతోనే రావాలన్నది నిజమే. కానీ వీణకు గురువు కావాలి, కూచిపూడికి గురువు కావాలి, కథకుడు మాత్రం స్వయంభువు! కొత్తవాళ్ళ రాతప్రతి చదివే శ్రమ తప్పించుకోవడానికి ఇంతకన్నా గౌరవప్రదమైన సాకు దొరకదు.

తెలుగులో ఈ విద్య తరగతి గదిలో కాక పత్రికల బల్లల మీద సాగింది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’లో ఇతరుల కథలను తిరగరాసి అచ్చుకిచ్చాడు. విశాఖలో లెక్కలు చెప్పిన కాళీపట్నం రామారావు తన కథలు తనకే నచ్చక కొన్నేళ్ళు కలం పక్కనపెట్టి, మళ్ళీ పట్టి ‘యజ్ఞం’ రాశాడు. కొత్తవాళ్ళ కథలు ఓపిగ్గా చదివి, లోపాలు చెప్పి పంపిన మాస్టారూ ఆయనే. అమెరికాలో 1936లో మొదలైన అయోవా రచనాశాలలోనూ పద్ధతి ఇదే: కథ ప్రతులు ముందే అందరికీ అందుతాయి, తోటివారు విప్పి చూస్తుంటే రాసినవాడు నోరు మెదపకుండా వినాలి. కథారచయిత్రి ఫ్లానరీ ఓకానర్ 1947లో పట్టా పుచ్చుకున్నది అక్కడే.

ఇప్పుడు మన ఊళ్ళలో జరిగే రెండు రోజుల కార్యశాలల్లో ప్రారంభోపన్యాసం ఉంటుంది, ప్రముఖుల అనుభవాలుంటాయి, భోజనాలు, గ్రూపు ఫొటో, సర్టిఫికెట్ కూడా ఉంటాయి. ఒక్కరి కథనైనా వాక్యం వాక్యం చదివే వేళ ఉండదు. ‘మీ కథ రెండో పేజీలో మొదలైంది, మొదటి పేజీ కొట్టెయ్యండి’ అని చెప్పడానికి రెండు పేజీలైనా చదివి ఉండాలి కదా! పత్రికలూ తక్కువ తినలేదు. వేసుకోని కథ మీద ఒకప్పుడు పోస్టుకార్డైనా వచ్చేది. ఇప్పుడు మూడు నెలల్లో కబురు రాకపోతే తిరస్కరించినట్టే అనుకోవాలట. విశ్వవిద్యాలయాల్లో ‘సృజనాత్మక రచన’ పేపరుంటే దానికీ వ్యాసరూప ప్రశ్నలే: కథానికను నిర్వచించి లక్షణాలు వివరింపుము. విద్యార్థి రాసిన కథను దిద్ది వెనక్కిచ్చి, మళ్ళీ రాయించి, ఆ రెండో ప్రతికి మార్కులు వెయ్యడానికి ఏ నియమావళీ అడ్డు కాదు.