ఫోన్ ఆయన జేబులో, సలహా ఆమెకి

మా పక్క పోర్షన్లో ఉండే అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. గర్భిణులకి వారం వారం ప్రభుత్వం వాళ్ల ఫోన్ వస్తుంది కదా, వింటున్నావా అని అడిగాను. "నంబరు ఆయనదక్కా. ఆటో తోలుతుంటే వస్తుంది. లోను వాళ్లేమోనని కట్ చేసేస్తారు" అంది. అప్పుడు నవ్వేశాను గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే నవ్వే సంగతి కాదనిపించింది.

ఆ ఫోన్ పేరు 'కిల్కారి'. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రారంభించింది. నాలుగో నెల నుంచి బిడ్డకి ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున మొత్తం 72 కాల్స్. తెలుగులోనూ ఉంది. చదువు రాకపోయినా ఫరవాలేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఆలోచన మంచిదే, కాదనను.

మరి విన్నంతమాత్రాన అలవాట్లు మారతాయా? మధ్యప్రదేశ్‌లో నాలుగు జిల్లాల్లో 2018 నుంచి 2020 దాకా అయిదువేలమందికి పైగా గర్భిణులతో పరిశీలించారు. కొందరికి కాల్స్ పంపారు, కొందరికి పంపలేదు. కాల్స్ వెళ్లినవాళ్లలో గర్భనిరోధక సాధనాలు వాడినవాళ్లు కొద్దిగా ఎక్కువున్నారు. ఆరునెలలూ తల్లిపాలే పట్టడంలో మాత్రం తేడా కనబడలేదు.

నాకైతే ఆశ్చర్యమేమీ కలగలేదు. పాలు తప్ప ఏమీ పట్టకూడదని తల్లికి తెలుసనుకుందాం. పుట్టగానే తేనె నాకించే అత్తగారికి ఆ ఫోన్ వెళ్లిందా? "ఎండలు మండిపోతున్నాయి, రెండు చుక్కలు నీళ్లు పట్టవే" అనే పక్కింటి పెద్దమ్మకి? మూడో నెలకే పనిలోకి రమ్మనే మేస్త్రీకి? మారాల్సింది ఇంటిల్లిపాదీ అయితే, పాఠం ఒక్కదానికే చెబుతున్నాం. అదీ ఫోన్ ఆమె చేతిలో ఉంటే! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 49 మంది, తెలంగాణలో 60 మంది.

ముంబయిలో డాక్టర్ అపర్ణా హెగ్డే స్థాపించిన 'అర్మాన్' సంస్థ 2014లో 'ఎమ్‌మిత్ర' అని ఇలాంటిదే మొదలుపెట్టింది. అందులో పేరు రాసుకునేటప్పుడే ఏ భాషలో కావాలి, ఏ వేళకి చేయమంటావు అని ఆమెనే అడుగుతారు. చిన్న ప్రశ్నే. కానీ ఫోన్ ఇంట్లో ఎప్పుడుంటుందో ఆమెకి తెలిసినంతగా కంప్యూటర్‌కేం తెలుస్తుంది? యాప్‌లు తయారుచేసే కుర్రాళ్లు గంటలూ రంగులూ పెట్టేముందు ఆ ఒక్క మాట అడిగితే బాగుండును.

తప్పిపోయిన కిల్కారి కాల్ 14423కి చేసి మళ్లీ వినొచ్చు. ఆ సంగతి పక్కింటమ్మాయికి చెప్పాను. మొన్న రాత్రి ఆటో ఇంటికొచ్చాక స్పీకర్ పెట్టి విన్నారట. "మా రోజుల్లో ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా" అని గొణుగుతూనే వాళ్లత్తగారు చివరిదాకా కదల్లేదట.