డయాలసిస్‌లో రోగి జ్ఞానానికి చోటెక్కడ?

మూత్రపిండాలు పూర్తిగా పనిచేయడం మానేసిన మనిషికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలపాటు హీమోడయాలసిస్ చేస్తారు. అంటే రక్తాన్ని శరీరం వెలుపలికి తెచ్చి, యంత్రానికి అమర్చిన వడపోత గొట్టం గుండా నడిపి, మలినాలనూ అదనపు నీటినీ తీసివేసి తిరిగి శరీరంలోకి పంపుతారు. వారంలోని 168 గంటల్లో ఇలా 12 గంటలు వైద్య సిబ్బంది కళ్లెదుట గడిస్తే, మిగిలిన 156 గంటల్లో ఎంత నీరు తాగాలి, ఏం తినాలి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఏ ఇబ్బందికి ఆసుపత్రికి పరుగెత్తాలి అనే నిర్ణయాలన్నీ రోగీ, ఇంటివారూ తీసుకుంటారు. చికిత్సను ఆసుపత్రి తయారుచేసి ఇచ్చేదిగానూ, రోగిని దాన్ని అందుకునేవాడిగానూ మాత్రమే చూసే దృష్టి ఎంత అసంపూర్ణమో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

సేవను అందించేవారూ పొందేవారూ కలిసి దాన్ని తయారుచేయడాన్ని సహోత్పత్తి అంటారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఎలినార్ ఆస్ట్రమ్, ఆమె సహచరులు 1970లలో పోలీసు సేవలను పరిశీలిస్తూ, పౌరుల పాత్ర లేనిదే వీధుల్లో భద్రత సాధ్యం కాదని గుర్తించి ఈ భావనకు రూపమిచ్చారు. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే. వైద్యరంగంలో ఈ ఆలోచన అంతగా పాతుకుపోకపోవడానికి కారణం, రోగి చెప్పేదాన్ని ఫిర్యాదుగానో అభిప్రాయంగానో తీసుకోవడమే తప్ప, చికిత్సకు అవసరమైన సమాచారంగా తీసుకోకపోవడం.

అది సమాచారమేనని డ్రై వెయిట్ నిర్ణయంలో స్పష్టంగా కనిపిస్తుంది. శరీరంలో అదనపు నీరు లేనప్పుడు రోగి ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. ప్రతి విడతలో ఎంత నీరు తీయాలో దాన్నిబట్టే లెక్కగడతారు. రక్తపోటు, కాళ్ల వాపు, ఊపిరితిత్తుల స్థితి చూసి వైద్యులు దాన్ని అంచనా వేస్తారు గానీ, మనిషి చిక్కినా ఒళ్లు చేసినా ఆ అంచనా తప్పుతుంది. బరువు మరీ తక్కువగా పెడితే రక్తపోటు పడిపోయి పిక్కలు పట్టేస్తాయి, ఎక్కువగా పెడితే ఆయాసం వస్తుంది. చివరి గంటలో పిక్కలు ఎప్పుడు పట్టేశాయో, ఇంటికి చేరాక ఎంతసేపు మంచం దిగలేకపోయారో, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటే ఊపిరి ఆడిందో తెలిసినది రోగికే. యంత్రం తెరమీద ఇవేవీ కనిపించవు, ఎవరైనా అడిగితే తప్ప కేసు షీటులోకీ ఎక్కవు.

దేనికి ప్రాధాన్యం ఇవ్వాలనే విషయంలోనూ రోగుల చూపూ వైద్యుల చూపూ ఒకటి కాదు. సిడ్నీ కేంద్రంగా గత దశాబ్దంలో నడిచిన సాంగ్ అనే అంతర్జాతీయ కార్యక్రమం, డయాలసిస్ పరిశోధనలు ఏ ఫలితాలను కొలవాలో చెప్పమని రోగులనూ, సంరక్షకులనూ, వైద్యులనూ అడిగింది. వైద్యులు మరణాలకూ, రక్తం తీసి ఎక్కించే రక్తనాళ మార్గంలోని సమస్యలకూ పెద్దపీట వేస్తే, రోగులు అలసటనూ, డయాలసిస్ లేని సమయాన్నీ, ప్రయాణం చేయగలగడాన్నీ ముందు పెట్టారు. చివరకు మరణాలు, గుండెజబ్బులు, రక్తనాళ మార్గం పనితీరులతో పాటు అలసట కూడా తప్పనిసరిగా కొలవవలసిన అంశాల్లో చేరింది. దశాబ్దాలుగా జరిగిన పరిశోధన, రోగులు అన్నిటికన్నా ముందు చెప్పిన బాధను చాలావరకు కొలవనే లేదన్నది చిన్న విషయం కాదు.

రోగి చేతికి పని అప్పగించడం కొత్త ప్రయోగమేమీ కాదు. 1960లలోనే లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో స్టాన్లీ షాల్డన్ రోగులకు సొంతంగా డయాలసిస్ చేసుకోవడం నేర్పారు. 1964 నాటికి లండన్‌లోనూ అమెరికాలోని సియాటిల్‌లోనూ ఇంటివద్ద డయాలసిస్ మొదలైంది. 1973కు ముందు అమెరికాలో డయాలసిస్ రోగుల్లో దాదాపు 40 శాతం మంది ఇంటివద్దే చేసుకునేవారు. మూత్రపిండాల వైఫల్యానికి ఖర్చును ప్రభుత్వమే భరించేలా 1972లో చట్టం వచ్చాక లక్షల ప్రాణాలు నిలిచాయి, కానీ చెల్లింపుల తీరు కేంద్రాలకు అనుకూలంగా ఉండటంతో కేంద్రాలు పెరిగి ఇంటి డయాలసిస్ వాటా బాగా పడిపోయింది. రోగులకు చేతకాక కాదు, నేర్పడానికి ఎవరికీ ప్రోత్సాహం లేక ఆ నైపుణ్యం కనుమరుగైంది.

అది తిరిగి వచ్చిన చోట్లలో స్వీడన్‌లోని యాన్‌షోపింగ్ ఒకటి. అక్కడి రీహోవ్ ఆసుపత్రిలో 2005లో ఒక రోగి యంత్రాన్ని తానే నడుపుకుంటానని అడగడం, ఒక నర్సు నేర్పడం, ఆ రోగిని చూసి మరికొందరు ముందుకు రావడంతో, కాలక్రమంలో స్వయం డయాలసిస్‌కు ప్రత్యేక విభాగమే ఏర్పడింది. దాని రూపకల్పనలోనూ రోగులకు పాత్ర దక్కింది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నుంచి నడిచిన షేర్ హెచ్‌డీ కార్యక్రమం ఇంకొంచెం జాగ్రత్తగా ఆలోచించింది: డయాలసిస్‌ను 14 పనులుగా విడగొట్టి, బరువు చూసుకోవడం నుంచి సూది గుచ్చుకోవడం దాకా ఎవరికి ఏది ఇష్టమో, ఎంతవరకు ఇష్టమో వారికే వదిలింది. ఈ వెసులుబాటు లేకపోతే సహోత్పత్తి సిబ్బందిని తగ్గించుకునే సాకుగా మారుతుంది. సూదంటే భయపడేవారికీ, చూపు మందగించినవారికీ పూర్తి సేవ పొందే హక్కు చెక్కుచెదరకూడదు.

ఈ చర్చ తెలుగువారికి దూరపుది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాలను పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. ఏ బావి నీరు ఎన్నేళ్లు తాగారు, జీడి, కొబ్బరి తోటల్లో ఏ ఎండలో ఎంతసేపు పనిచేశారు, నొప్పులకు ఏ మాత్రలు మింగారు అనే చరిత్ర అక్కడి ప్రజల దగ్గరే ఉంది. రక్తం, నీటి నమూనాలతో పాటు దాన్నీ సేకరించాలి, తేలిన విషయాలను వారికి అర్థమయ్యేలా తిరిగి చెప్పాలి. ఆహార నియమాలదీ అదే దారి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ; డయాలసిస్ రోగి ఒంట్లో అది పేరుకుంటే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. పెరట్లోనే కొబ్బరిచెట్లున్న ప్రాంతంలో, దాహాన్ని కొలత నీటితో ఎలా అదుపులో పెట్టుకోవాలో, కూరలను ఉడికించి ఆ నీరు ఎలా వార్చుకోవాలో, ఆవకాయ ఎంత తగ్గించుకోవాలో ఏళ్లతరబడి నెట్టుకొచ్చిన రోగి కొత్త రోగికి చెప్పినంత పనికొచ్చేలా అచ్చు కాగితం చెప్పలేదు. అయితే ఆ మాటల్లో తప్పుంటే సరిదిద్దడానికి డైటీషియన్ పక్కనుండాలి. అనుభవమొక్కటే ప్రమాణం కాదు.

2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత సేవను తెచ్చింది, కానీ ప్రైవేటు భాగస్వాములకు చెల్లింపు విడతల లెక్కన సాగుతుంది. అమెరికా అనుభవం హెచ్చరించేది సరిగ్గా దీని గురించే: విడతకు మాత్రమే డబ్బు దక్కే చోట రోగికి నేర్పే గంటను ఎవరూ లెక్కలో వేసుకోరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇకపై కుదుర్చుకునే ఒప్పందాల్లో నేర్పే సమయానికి విడిగా చెల్లించాలి, ప్రతి విడతకు ముందు అలసట గురించి అడిగి కేసు షీటులో నమోదు చేయించాలి, కేంద్రాల పనితీరును సమీక్షించే కమిటీల్లో డయాలసిస్ రోగులకు ఓటుతో కూడిన స్థానం కల్పించాలి.