మొటిమల మందు: చీటీ ఉన్నది, చెప్పువారు లేరు



అరువది దాటిన మనిషి మొటిమల మందును గూర్చి పత్రికకు జాబు వ్రాయుట కొందరికి నవ్వు పుట్టించవచ్చును. మా ఇంట జరిగినది చదివిన పిమ్మట నవ్వరని నమ్మి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. దయచేసి మీ లేఖల శీర్షికలో ప్రకటింప ప్రార్థన.

నేను తాలూకా కచేరిలో 34 సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ముగిసినది. మా పూర్వులు ఆనేకల్లు సీమకు వచ్చి ఎన్ని తరములైనదో మాకే సరిగా తెలియదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. మా హెబ్బగోడి ఒకప్పుడు హోసూరు రోడ్డు ప్రక్కనున్న పల్లె. ఇప్పుడు నగరసభ వచ్చినది, 2025 ఆగస్టులో మెట్రో రైలు కూడ వచ్చినది. మందులు తయారుచేయు కర్మాగారములకు పేరుపడిన బొమ్మసంద్ర మాకు కూతవేటు దూరము. మందులు చేయు చోటనే ఉన్నాము గాని, మందు వాడు పద్ధతి మాకు తెలియదని ఆలస్యముగా తెలిసికొంటిని.

నా మనుమరాలు బి.కాం. చదువుచున్నది. 2024 జూన్ నెలలో, దానికి 19 ఏండ్లప్పుడు, ముఖము నిండ మొటిమలు లేచినవి. అప్పుడే హోసూరులో బంధువుల ఇంట పెండ్లి జరిగినది. అక్కడ ఒక పెద్దమ్మ అందరి ఎదుట, “పిల్ల కళగలదే, ముఖమే ఇట్లా అయిపోయిందే పాపము! రేపు చూడవచ్చేవాళ్లు ఏమంటారు?” అన్నది. ఆమె మంచి మనసుతోనే అన్నదేమో. కాని ఆ రాత్రి పిల్ల అన్నము ముట్టలేదు. మరునాడు నా కుమారుడు దానిని ఒక చర్మవైద్యుని వద్దకు తీసికొని పోయినాడు. గంటన్నర కూర్చున్న పిమ్మట లోపల గడిపినది నాలుగు నిమిషములట. చీటీపై ట్రెటినాయిన్ 0.025 శాతము క్రీము అని వ్రాసి, “రాత్రి పూయండి” అని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి పంపినారు.

రాత్రి పూసిన మేలు చేయునది పగలు కూడ పూసిన రెట్టింపు మేలు చేయునని పిల్ల అనుకొన్నది. “తాతా, రెండు పూటలా రాస్తే రెండింతలు తొందరగా తగ్గుతుంది కదా” అన్నది. నేనును తల ఊపితిని. తలనొప్పి తైలము వలె దట్టముగా పూసికొని ఎండలో బస్సెక్కి కాలేజికి పోయెడిది. పది దినములలో ముఖము ఎఱ్ఱబడి, మంటలెత్తి, పొలుసులు పొలుసులుగా ఊడినది. మొటిమలు తగ్గకపోగా ఎక్కువైనవి. ఇది విషమని నిశ్చయించి మందు మానిపించితిమి.

ఇక్కడ నా తప్పు చెప్పవలెను. పాత చీటీ పట్టుకొని మందుల అంగడికి పోయినవాడను నేనే. ఇది పడలేదు, వేరేది ఉన్నదా అని అడిగితిని. కౌంటరులో ఉన్న కుఱ్ఱవాడు చీటీ వంక చూడనైన చూడక వేరొక ట్యూబు తీసి, “ఇది తీసుకోండి పెద్దాయనా, మొటిమలకూ మచ్చలకూ రంగుకూ అన్నిటికీ ఇదే, అందరూ ఇదే తీసుకుంటారు” అన్నాడు. డబ్బు ఇచ్చి తెచ్చితిని. వారము తిరుగక ముందే ముఖము నున్నబడినది, తెల్లబడినది. నా భార్య దిష్టి తీసినది. నేను గొప్ప పని చేసినవానివలె సంతోషించితిని. ట్యూబు అయిపోగానే మరొకటి, అట్లు నాలుగు నెలలు తెచ్చితిని.

తరువాత పరీక్షల తొందరలో పది దినములు ఆ పూత మానినది. ముఖమంతయు నిప్పులపై పెట్టినట్లయినది. మొదటికంటె రెండింతలు మొటిమలు, చెక్కిళ్లపై ఎఱ్ఱని సన్నని నరముల గీతలు, చెవుల ప్రక్క నూగు వెంట్రుకలు. పొయ్యి దగ్గరకు పోలేదు, ఎండకు నిలువలేదు. మరల పూసిన చల్లబడును, మానిన మండును. త్రాగుబోతు వ్యసనమునకును దీనికిని నాకు భేదము కనబడలేదు. పిల్ల ఓణీతో ముఖము కప్పుకొని నెలకు పైగా కాలేజి మానినది. అద్దము గోడవైపు త్రిప్పి పెట్టినది. ఆ త్రిప్పిన అద్దమును చూచిన దినమున నాకు నిద్ర పట్టలేదు.

చివరకు బెంగళూరు నగరములోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పోతిమి. అక్కడ ఒక యువవైద్యురాలు ట్యూబును చేతిలో త్రిప్పి చూచి, దానిపై చీమ తలలంత అక్షరములను చదివి మాకు అర్థము చెప్పినది. అందులో ఉన్నవి మూడు మందులు: హైడ్రోక్వినోన్ 2 శాతము, ట్రెటినాయిన్ 0.025 శాతము, మొమెటసోన్ అను స్టీరాయిడు 0.1 శాతము. మంగు మచ్చలకు, వైద్యుని కనుసన్నలలో, కొద్ది వారములు మాత్రమే వాడదగిన మిశ్రమము. ఈ విధమైన మూడు మందుల కూర్పును మొదట 1975లో ప్రకటించినవారు అమెరికా దేశపు చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన సహచరుడు. మన దేశములో అది తెల్లబడు క్రీముగా అంగళ్లలో తిరుగుచున్నది. స్టీరాయిడు వాపును, ఎఱ్ఱదనమును అణచి మొదట ముఖమును తేటగా చూపును. నెలల తరబడి పూసిన చర్మమును పలుచబరచును, మానిన వెంటనే పగ తీర్చుకొనును. ఇట్లు చెడిన ముఖములు ఎన్నో చూచి, మన చర్మవైద్యులు ఈ జబ్బునకు ప్రత్యేకముగా ఒక పేరే పెట్టినారట.

ఇంకను ఆశ్చర్యమేమనగా, ఆ వైద్యురాలు స్టీరాయిడు మానిపించి, చర్మము చల్లబడుటకు కొన్ని నెలలు ఆగి, తిరిగి వ్రాసి ఇచ్చినది మేము విషమని పారవేసిన ఆ మొదటి మందునే! అదే ట్రెటినాయిన్, అదే 0.025 శాతము. భేదమొక్కటే. ఈసారి పావుగంట కూర్చుండబెట్టి చెప్పినది.

ఆమె చెప్పినది ఇతరులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాను. ట్రెటినాయిన్, అడాపలీన్ మొదలగు వానిని రెటినాయిడ్లు అందురు. ఇవి ‘ఏ’ విటమినుకు దాయాదులు. చర్మరంధ్రములు మూసికొనిపోకుండ చూచుట, పాత పొరను త్వరగా రాల్చి క్రొత్త పొరను రప్పించుట వీని పని. అమెరికాలో ట్రెటినాయిన్‌ను మొటిమలకు 1971లోనే అనుమతించినారు. అనగా అరువదికి దగ్గరపడుచున్న పాత మందు, నమ్మదగిన మందు. కాని దాని నడక నెమ్మది. గుణము కనబడుటకు ఎనిమిది మొదలు పండ్రెండు వారములు పట్టును. మొదటి వారములలో పొలుసులూడుట, కొంచెము మంట, మొటిమలు కాస్త పెరుగుట సహజము. అది మందు పడకపోవుట కాదు. అందుచేత మొదట రాత్రి విడిచి రాత్రి, ముఖమంతటికి బఠాణీ గింజంత మాత్రమే, కడిగిన ముఖము బాగుగా ఆరిన పిమ్మట పూయవలెను. కండ్ల మూలలు, పెదవులు, ముక్కు ప్రక్క మడతలు తప్పించవలెను. ఎండిపోకుండ పైన సాదా మాయిశ్చరైజరు వ్రాయవచ్చును. వెలుతురు తగిలిన ట్రెటినాయిన్ చెడును గనుక రాత్రియే పూయవలెను. చర్మము ఎండకు సున్నితమగును గనుక పగలు సన్‌స్క్రీను, గొడుగు తప్పనిసరి. నిమ్మరసము, వంటసోడా, గరుకు సున్నిపిండి వంటి ఇంటి ప్రయోగములు ఆ దినములలో కూడవు.

చివరకామె ఒక ప్రశ్న వేసినది. “ఇంట్లో ఈ ట్యూబు ఇంకెవరైనా వాడుతున్నారా? గర్భిణులు ఎవరైనా?” నా గుండె ఝల్లుమన్నది. మూడవ నెలతో పుట్టింటికి వచ్చియున్న నా చిన్న కుమార్తె, నుదుటి మచ్చలకని ఆ ట్యూబే అడిగి రెండు మూడు మారులు పూసికొన్నది. పైపూతగా శరీరములోనికి పోవునది బహు స్వల్పమనియు, భయపడవలదనియు, అయినను గర్భిణులు రెటినాయిడ్లు ముట్టరాదనియు వైద్యురాలు చెప్పినది. ఇదే జాతికి చెందిన ఐసోట్రెటినాయిన్ మాత్రలు మ్రింగిన తల్లుల బిడ్డలకు తీవ్రమైన వైకల్యములు కలిగినట్లు రుజువైనది గనుక ఈ జాగ్రత్త. దైవకృప వలన నా కుమార్తె సుఖముగా ప్రసవించినది, బిడ్డ క్షేమము. కాని ఆ ఆరు నెలలు నేను పడిన వేదన పగవానికి కూడ వద్దు. ట్యూబు అమ్మిన నాలుగు మారులలో ఒక్క మారైనను ఆ ప్రశ్న మమ్ము అడిగినవారు లేరు.

చట్టము లేదా అనిన ఉన్నది. 1940 నాటి ఔషధ చట్టము, 1945 నాటి నిబంధనలు ఉన్నవి. చీటీ మీదనే అమ్మవలసిన మందును అర్హతగల ఫార్మసిస్టు ఎదుటనే అమ్మవలెనని అందు స్పష్టముగా ఉన్నది. చర్మవైద్యుల సంఘమువారు పోరాడిన మీదట, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖవారు 14 రకముల స్టీరాయిడు పూతమందులను చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు చేసినారు. నేను జీవితమంతయు ఉత్తర్వులకు నకళ్లు తీసి, నంబరు వేసి పంపినవాడను. ఉత్తర్వు వెలువడుట వేరు, అది అంగడి బల్లమీదికి దిగుట వేరు. కచేరిలో ఫైలు కట్టితిమి, పని అయినదనుకొంటిమి. ఆ ఫైలు అవతలి కొసన ఒక పిల్ల ముఖమున్నదని నేనును ఎన్నడు తలచలేదు.

ఇందుకొక ఆక్షేపణ కలదు. అమెరికాలో అడాపలీన్ 0.1 శాతమును 2016 నుండి చీటీ లేకుండనే అమ్ముచున్నారు గదా, మనకు మాత్రము ఈ కట్టుబాట్లేల అని నా కుమారుడే అడిగినాడు. దినకూలి మానుకొని, వందల రూపాయలు ఫీజు ఇచ్చి వైద్యుని చూడలేని పేదవారి మాట ఏమి అనికూడ అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని అక్కడ వారు చీటీ తీసివేసినప్పుడు మాటను తీసివేయలేదు. ఎవరు వాడరాదో, ఎంత పూయవలెనో, ఎన్నాళ్లు ఓర్చుకొనవలెనో వారి ప్రజలకు తెలిసిన భాషలో పెట్టెమీదనే అచ్చువేసినారు. అందులో స్టీరాయిడు కలిపి అమ్ముట లేదు. మనకు చీటీయు కాగితము మీదనే మిగిలినది, మాటయు లేదు.

కాబట్టి నా మనవులు ఇవి. మొదటిది, ఔషధ నియంత్రణ శాఖవారు పెద్ద వీధులనే గాక మావంటి ఊళ్ల అంగళ్లను కూడ తనిఖీ చేయవలెను. పగలు రాత్రి షిఫ్టులతో నడచు ఇచ్చటి కర్మాగారములలో వేలమంది ఆడపిల్లలు పని చేయుచున్నారు. వారికి వైద్యుడు అంగడి కౌంటరే. రెండవది, ఫార్మసిస్టు లేని వేళ ఇట్టి ట్యూబులు అమ్మరాదు. మూడవది, కంపెనీలవారు ట్యూబుతోపాటు కన్నడము, తెలుగు, తమిళము, హిందీలలో చదువవీలగు అక్షరములతో ఒక చిన్న కాగితము పెట్టవలెను. స్టీరాయిడు ఉన్నదను మాట పెద్ద అక్షరములలో ఉండవలెను. నాల్గవది, వైద్యులకు చేతులు జోడించి చెప్పుకొనునది. మీకు రోగులు ఎక్కువ, కాలము తక్కువ. నిజమే. కాని “రాత్రి మాత్రమే, బఠాణీ గింజంత, మూడు నెలలు ఓపిక, గర్భిణులకు వద్దు” అను నాలుగు ముక్కలు చెప్పుటకు ఒక నిమిషము చాలును. ఆ నిమిషము లేకపోయినందున మా పిల్లకు ఒక సంవత్సరము పోయినది.

అయిదవది మనకు మనమే చెప్పుకొనవలసినది. 2020లో ఒక పెద్ద కంపెనీ తన క్రీము పేరునుండి తెలుపును సూచించు మాటను తీసివేసినది. మన పెండ్లిపందిళ్లలో ఆ మాట ఇంకను పోలేదు. మొటిమలు జబ్బు. జబ్బునకు మందు ఉన్నది. నలుపు జబ్బు కాదు, దానికి మందు వెదకుట వలననే ఈ మూడు మందుల ట్యూబు ఇన్ని ఇండ్లలో దూరినది. ఆ పెద్దమ్మ అన్నమాటకు ఆనాడు నేను అడ్డు చెప్పియుండవలసినది. ట్యూబు తెల్లబరచినప్పుడు మురిసినవాడను నేనే గనుక ఆమెను తప్పుపట్టు హక్కు నాకు లేదు.

ఇప్పుడు నా మనుమరాలి ముఖము చాలవరకు నెమ్మదించినది. రెండు మూడు గుంటలు, కొన్ని ఎఱ్ఱ గీతలు మిగిలినవి. ఓణీ కప్పుకొనక కాలేజికి పోవుచున్నది. రాత్రి ట్యూబు తీసి వ్రేలికొనపై గింజంత పెట్టి నాకు చూపి, “సరిపోయిందా తాతా?” అని నవ్వును. సరిపోయినదని చెప్పుటకు నాకు ఇన్నాళ్లు పట్టినది. ఈ జాబు చదివి ఏ ఒక్క తాతయైనను పాత చీటీతో అంగడికి పోవుట మానిన నా శ్రమ ఫలించినట్లే.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హెబ్బగోడి, బెంగళూరు.